కాలేజీ సారు చుట్టుదారి

రా తల్లీ, ఇలా కూర్చో. మీ అమ్మ పంపితే వచ్చావని తెలుసులే. పొద్దున్నే ఫోన్ చేసింది. "నాన్నా, అది క్రిమినాలజీ చదివింది చాలక ఇప్పుడు పోలీసు ఉద్యోగంలో చేరతానంటోంది, నువ్వే ఎలాగోలా మాన్పించు, నీ మాటైతే వింటుంది" అని ఒకటే గోల. నా మాట ఈ ఇంట్లో ఎవరు విన్నారే? మీ అమ్మమ్మ విందా, మీ అమ్మ విందా? సరే, మాన్పించమంది కాబట్టి ఒకాయన సంగతి చెప్తాను. నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు మా స్టేషన్‌కి నీలాగే ఆ చదువు చదివిన ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కాలేజీ సారు అనేవాళ్ళం. వెనకాలేలే, మొహం మీద అనే ధైర్యం ఎవరికుంది! పోయి చాలా కాలమైంది పాపం.

వచ్చీ రాగానే ఆయన చేసిన మొదటి పనేంటో తెలుసా? తన గదిలో బల్లని గోడవారకి లాగించాడు. స్టేషన్‌లో రాతకోతలు చూసే మా రైటర్ ఊరుకుంటాడా, "బల్ల లేకపోతే మనం పోలీసులమని జనానికెలా తెలుస్తుంది సార్?" అన్నాడు. "తెలియకపోతేనే నోరు విప్పుతారయ్యా" అన్నాడాయన. ఫిర్యాదుకి ఎవరొచ్చినా వాళ్ళ పక్కనే కుర్చీ వేసుకునేవాడు. ఇద్దరూ కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేవాళ్ళు, బస్సు కోసం ఆగినవాళ్ళలాగా. మాకు ఒకటే నవ్వు. ఏంటీ, నీకూ చదువులో అది చెప్పారా? ఓహో! అయితే ఆయన సొంత తెలివి కాదన్నమాట. సరే విను. ఒకసారి ఇస్త్రీ కొట్టు ఆవిడ వచ్చింది, చెయ్యి విరిగి కట్టుతో. మెట్ల మీంచి పడ్డానంటుంది. మరి పడితే ఆసుపత్రికి పోవాలిగానీ పోలీస్ స్టేషన్‌కెందుకమ్మా అని నేను నోరు జారబోతే, ఆయన కళ్ళతోనే ఆపాడు. ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. టీ వచ్చింది, చల్లారింది, ఇంకో టీ వచ్చింది. వీధిలో ఎండ తగ్గింది. అప్పుడంది, "పడలేదు సార్, మా ఆయన తోశాడు" అని. అంతే, ఇక ఆగలేదు. పెళ్ళైన నాటి నుంచీ మింగిందంతా కక్కేసింది. వాడు జైలుకి పోయాడు. ఆవిడ కొట్టు నిలబెట్టుకుంది, పిల్లల్ని చదివించుకుంది.

నువ్వు తొందరపడకు, అసలు సంగతి ఇప్పుడొస్తోంది. కొన్నేళ్ళ తరవాత ఆయనా నేనూ బజారులో పోతున్నాం. ఎదురుగా అదే ఆవిడ, కూతురితో నవ్వుకుంటూ వస్తోంది. సారుని చూసింది. చూసి, మొహం తెల్లబోయి, కూతురి చెయ్యి పట్టుకుని గబుక్కున పక్క కొట్లోకి దూరింది. అది చెప్పుల కొట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశారా సార్, దండం పెట్టకపోతే పోనీ, మొహం చాటేస్తుందా?" అన్నాను. ఆయన నన్ను అక్కణ్ణించి లాక్కుపోయాడు. "నన్ను చూస్తే ఆవిడకి ఆ మెట్లే గుర్తొస్తాయయ్యా. ఎంత బాగా నవ్వుతోంది, చెడగొట్టాం కదా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ బజారుకే పోలేదు మహానుభావుడు. కూరగాయలకి ఎక్కడో రైల్వే గేటు అవతలకి పోయేవాడు.

అదొక్కటే అయితే చెప్పేవాణ్ణి కాదు. ఒక మేష్టారి కొడుకుని చంపినవాణ్ణి పట్టుకున్నాడు, ఆ మేష్టారి వీధి మానేశాడు. దొంగలు పడ్డ నర్సమ్మ వీధి మానేశాడు. అలా అలా, ఇంటి నుంచి స్టేషన్‌కి కూతవేటు దూరమమ్మా, ఊరంతా చుట్టి వచ్చేవాడు. ఆయన మేలు చెయ్యని వీధులే ఆయనకి మిగిలాయి. "మేలు చేసిందీ మీరే, తప్పుకునేదీ మీరేనా సార్?" అంటే, "నడక ఒంటికి మంచిదయ్యా" అనేవాడు. పని మీద మాత్రం ఏనాడూ విసుక్కోలేదు. పెళ్ళికి వచ్చినంత హుషారుగా వచ్చేవాడు డ్యూటీకి. పెద్దాఫీసుకి రమ్మంటే, అక్కడికి మనుషులు రారు, ఫైళ్ళే వస్తాయని ప్రమోషన్ వదులుకున్నాడు. ఇంట్లో మాత్రం ఒక్కడే. భార్య పెళ్ళైన కొత్తలోనే జబ్బుచేసి పోయింది.

ఏంటీ? సంతోషంగా ఉన్నాడా అనా? అడిగానే, నేనూ అడిగాను. రిటైరయ్యి మంచాన పడ్డప్పుడు చూడ్డానికి వెళ్ళాను. గదంతా మందుల వాసన, మూలన ఉతకని బట్టలు. "ఇంత చదువు చదివి ఇందులోకి ఎందుకొచ్చానా అని ఎప్పుడైనా అనిపించిందా సార్?" అన్నాను. "ఛ, మళ్ళీ పుడితే మళ్ళీ ఇదే పని" అన్నాడు. నిజంగానే అన్నాడు, మొహం వెలిగిపోయింది. నేను లేవబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఊళ్ళో ఎంతమంది హాయిగా ఉన్నారో నాకు తెలుసయ్యా. అది చెప్పుకోడానికే ఎవరూ లేరు. కాసేపు కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఏవేవో చెప్పాడు, చీకటి పడేదాకా చెప్పాడు. నేను ఊ కొడుతూనే ఉన్నాను.

మాన్పించమంది కదూ మీ అమ్మ... నా వల్ల కాదు తల్లీ. చేరు. చేరి, ఆ రోజు ఏం చేశావో సాయంత్రం ఇంటికొచ్చి ఎవరో ఒకరికి చెప్పు. నాకు చెప్పు. నేనున్నన్నాళ్ళూ వింటాను. ఆ తరవాత...

ఆ కిటికీ వెయ్యమ్మా, చలిగాలి కొడుతోంది.