చిరిగినవే ఏరుకునే తాత

చర్చి వెనక స్టోరు గది. నేలంతా విప్పిన బట్టల మూటలు. పాస్టరు ఉత్తరం రాస్తున్నాడు, ఆయన కొత్త పెళ్లాం చొక్కాలు మడత పెడుతోంది.

"అది రాయకండి."

"ఏది?"

"ఆ మూడో లైను. కుట్టు నేర్పడానికి సిటీ నుంచి టీచరును పంపండి అన్నది."

"భుజం మీంచి తొంగి చూసి చదవడం మంచి అలవాటు కాదు, అమ్మగారూ."

"తొంగి చూడట్లేదు అయ్యగారూ. మీ భుజం మీద దుమ్ము దులుపుతున్నాను. దులిపేటప్పుడు కళ్లు మూసుకోవాలా?"

"పెళ్లైన కొత్తలో నువ్వు ఎప్పుడు నోరు విప్పుతావా అని చెవులు రిక్కించి కూర్చునేవాణ్ని."

"పెళ్లై మూడు నెలలు కాలేదు. ఇప్పుడేం చేస్తున్నారు?"

"దూది వెతుకుతున్నాను."

"ఇదిగో, ఈ మూటలో చిరిగిన దిండుంది. కావలసినంత తీసుకోండి. ముందు ఆ లైను కొట్టెయ్యండి."

"మధ్యాహ్నం హెడ్డాఫీసు జీపు వస్తుంది. నేర్పేదెవరో రాయకుండా ఉత్తరం తీసుకోరు. ఉత్తరం వెళ్లకపోతే మనకి రావలసిన ఆరు కుట్టుమిషన్లు పక్క చర్చికి పోతాయి."

"పేరు రాయమనే నేనూ అంటున్నాను. సిటీ టీచరు ఎన్నాళ్లుంటారు?"

"మూడు నెలలు."

"నాలుగో నెల?"

"నాలుగో నెలకి... ఆడవాళ్లు నేర్చేసుకుంటారుగా."

"పోయిన ఏడు కొవ్వొత్తుల టీచరు వచ్చి వెళ్లాక, ఆ అచ్చులు ఏమయ్యాయి?"

"ఇప్పుడవెందుకు?"

"ఏమయ్యాయి?"

"మన వంటింట్లో ఉన్నాయి."

"వాటిలో నేను గరిటెలు పెట్టుకుంటున్నాను. ఇక ఆరు కుట్టుమిషన్లలో ఏం పెట్టుకోవాలి?"

"సరే తల్లీ. నీ మనసులో ఎవరున్నారు?"

"మీరే. ఇంకెవరుంటారు?"

"టీచరుగా."

"ఓ, టీచరుగానా. కత్తెర తాత."

"సందు చివర దర్జీయా? షాపు మూసేసినాయన?"

"ఆయనే."

"ఆయన పేరు పొద్దున్నే రాశాను. ఈ కాగితంలో కాదు, ఆ కాగితంలో. బట్టల పంపిణీలోంచి తీసెయ్యాల్సిన వాళ్ల జాబితాలో."

"ఎందుకు?"

"పంపిణీ రోజు అందరికంటే ముందొచ్చి నిలబడతాడు. అందరూ మంచివి ఏరుకుంటారు, ఈయన మాత్రం చిరిగినవే ఏరుకుంటాడు. మోచెయ్యి పోయినవి, కాలరు ఊడినవి, సంచి నిండా. పాత గుడ్డలవాడికి అమ్ముకుంటున్నాడని కాపలాదారు చెప్పాడు."

"కాపలాదారు చూశాడా?"

"చూడ్డమెందుకు, తెలిసిపోవట్లేదూ?"

"ఆదివారం మాత్రం పక్కవాడి మీద నింద వెయ్యకూడదని ముప్పావుగంట చెప్తారు."

"అరగంటే."

"చెప్పేవాళ్లకి అరగంట. ఆయన షాపు ఎందుకు మూశాడో ఎప్పుడైనా అడిగారా?"

"పని తగ్గిందట."

"ఎందుకు తగ్గిందట?"

"నాకేం తెలుసు?"

"ఒకసారి ఈ గదిలో చుట్టూ చూడండి."

"చూశాను. బట్టలు."

"మూడేళ్లుగా నెలనెలా మూటలు. చొక్కా ఊరికే వస్తుంటే డబ్బిచ్చి కుట్టించుకునేదెవరు? అందరికీ ఒంటినిండా బట్టిచ్చి, ఆయన పొట్ట కొట్టాం."

"ఆ మాట ఆయన అన్నాడా?"

"అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అందుకే నేనంటున్నాను. దూది పెట్టుకున్నారా?"

"లేదు. వింటున్నాను. నేనెప్పుడూ ఇటువైపు నుంచి చూడలేదు."

"ఇప్పుడు చూశారుగా. రాయండి."

"ఆగు. తప్పు మనదే, ఒప్పుకుంటాను. కానీ జాలిపడి ఆరు కుట్టుమిషన్లు చేతిలో పెడతామా? కుట్టడం వేరు, నేర్పడం వేరు."

"ఇప్పటికే నేర్పుతున్నాడు. రోజూ మధ్యాహ్నం, వాళ్ల వసారాలో. ఉన్నది ఒక్క పాత మిషను, వంతులేసుకుంటారు. కూరగాయల బండి అక్క, బడి ఆయా, బేకరీలో పని పోయిన పిల్ల, కాపలాదారు భార్య..."

"మన కాపలాదారు భార్యా? వాడికి తెలుసా?"

"అన్నీ మొగుళ్లకి చెప్పే చెయ్యాలా ఏంటి?"

"చెప్తే బాగుంటుంది."

"చూద్దాం. కొత్త గుడ్డ కొనే స్తోమత వాళ్లకి లేదు. అందుకే ఆ చిరిగినవి. వాటిని తాత ముందు విప్పిస్తాడు. గుడ్డకి గాటు పడకుండా, కుట్టు వెంట కుట్టు. చొక్కా ఎలా పుట్టిందో తెలియాలంటే దాన్ని వెనక్కి నడిపించాలంటాడు. పది రోజులు విప్పుడే. తర్వాతే సూది ముట్టనిస్తాడు."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"మధ్యాహ్నాలు ఇళ్లకి ప్రార్థనకి వెళ్తున్నానుగా. నాలుగు మాటలు చెవిన పడతాయి."

"అవునవును, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే మాయమవుతున్నావు. ఆ వేళ్లకేమైంది?"

"ఏ వేళ్లకి?"

"ఆ చుక్కలేంటి?"

"గులాబీ ముళ్లు."

"మనింట్లో గులాబీ మొక్క లేదు."

"నాటమని ఎన్నిసార్లు చెప్పాను?"

"మాట మార్చకు. వాళ్లు కుట్టింది ఒక్కటి చూపించు, తాత పేరు రాసేస్తాను. నాసిరకంగా ఉందంటే మాత్రం సిటీ టీచరే. పని ఇలా ఉండాలి, ఇదిగో, నా ఒంటి మీదున్న చొక్కాలా. ఆ కాలరు చూడు, ఆ కాజాలు చూడు. ఫ్యాక్టరీ సరుకంటే ఇది."

"అంత బాగుందా?"

"మూటలో అడుగున మిగిలిందని నువ్వేగా ఇచ్చావు. వారం నుంచి విప్పబుద్ధి కావట్లేదు."

"తెలుసు. ఉతకడానికి బతిమాలుకుంటున్నాను."

"వీపున నీలం ముక్క వేశాడు చూడు, అది ఫ్యాషన్. ఎడమ చెయ్యి కాస్త పొడుగు. అదీ ఫ్యాషనే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది. కాలరు పైకెత్తి, అడుగున చూడండి."

"అడుగున... ఇది వేరే గుడ్డ. గళ్ల గుడ్డ."

"జేబు వెనక?"

"ఇక్కడింకోటి. ఏమిటిది?"

"మూడు చిరిగిన చొక్కాలు. కాలరు కూరగాయల బండి అక్కది. కాజాలు కాపలాదారు భార్యవి. జేబు బేకరీ పిల్ల, వీపు ఆయా. ఇందాక ఫ్యాక్టరీ అన్నారు, వాళ్లకి చెప్తే సంతోషిస్తారు. ఆ తెరిచిన నోరు మూసుకోండి, దుమ్ము పోతుంది. జీపు హారను వినపడుతోంది."

"రాస్తున్నాను, రాస్తున్నాను. కత్తెర... తాత. ఇదిగో, ఆ రెండో జాబితా కూడా చింపేశాను. మూటలు ఆపెయ్యమని రాయనా?"

"అమ్మో, వద్దు. మరి విప్పడానికేం దొరుకుతాయి? మంచివి పంపొద్దు, చిరిగినవే పంపండని రాయండి."

"నాకు పిచ్చెక్కిందనుకుంటారు."

"కొత్తగా పెళ్లైందని సరిపెట్టుకుంటారు."

"సంతకం కూడా పెట్టాను. ఇక చెప్పు. నలుగురికీ నాలుగు పనులు చెప్పావు, చేతుల సంగతి చెప్పలేదు. ఈ ఎడమ చెయ్యి ఎవరు కుట్టారు?"

"తాత మూడుసార్లు విప్పించాడండీ, అయినా పొడుగే వచ్చింది. టేపు పెట్టి కొలవమన్నాడు. మెలకువొస్తుందేమోనని, ఆదివారం ప్రసంగమయ్యాక మీరు కునుకు తీస్తుంటే జానలేసి కొలుచుకున్నాను."