వంద దాటిన ఓట్లు

వార్డు ఉపఎన్నిక ఓట్ల లెక్కింపు ముగిసిన మధ్యాహ్నం. వసారాలో కుట్టుమిషన్ ముందు అత్తగారు. లెక్కింపు హాలు నుంచి పరుగున వచ్చిన కోడలు, పెళ్ళయి నలభై రోజులు.

"అబ్బా, ముందా మిషన్ ఆపండి అత్తయ్యా! రెండో స్థానం! మావయ్యది రెండో స్థానం!"

"ఎన్ని?"

"ఊహించండి."

"నాతో ఆటలొద్దమ్మాయ్. వంద దాటాయా?"

"వందేంటండీ! పదహారువందల పన్నెండు! లెక్కపెట్టేవాళ్ళే నోరెళ్ళబెట్టారు. పార్టీ పుట్టాక ఇన్ని రావడం ఇదే మొదలట. పోయినసారి ఎన్ని, అరవై మూడా?"

"అరవై ఒకటి."

"గెలిచినాయన మొహం చూడాలి, ఆయనే ఓడినట్టు పెట్టాడు! మీ అబ్బాయైతే అందరి ముందూ నన్నెత్తి గిర్రున తిప్పేశాడు, ఒక చెప్పు ఎటు పోయిందో కూడా... అత్తయ్యా? సంతోషంగా లేదా?"

"ఉంది. ఆ దారం కత్తిరించు."

"ఏడుస్తున్నారు."

"సూది గుచ్చుకుంది."

"మిషన్ ఆగే ఉందిగా."

"మీ మావయ్య నాకో మాటిచ్చారు. ఈసారీ వంద దాటకపోతే జెండా మడిచి అటకెక్కిస్తానన్నారు. గురువారం గుండె ఆపరేషన్‌కి నోరెత్తకుండా వస్తానన్నారు."

"ఆపరేషనా! మావయ్య వేసుకునే మందులు గ్యాసుకన్నారు కదా?"

"కొత్త పెళ్ళికూతురివి, నవ్వుతూ తిరుగుతున్నావు. చెప్పబుద్ధి కాలేదు."

"మరి దాటితే?"

"రెండు నెలల్లో వచ్చే పెద్ద ఎన్నికకి నిలబడతారట. ఎండనపడి ఇల్లిల్లూ తిరగడం. అన్నాళ్ళు తట్టుకునే గుండె కాదన్నాడు డాక్టరు."

"అయ్యో, నేను కూడా కరపత్రాలు పంచానే!"

"నీ కరపత్రాలకి రాలేదులే. నేనూ తిరిగాను. కుట్టిన జాకెట్లిచ్చే వంకన వీధి వీధీ. 'ఆయన గుండె బాగాలేదమ్మా, ఆయనకి మాత్రం ఓటెయ్యకండి' అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అందరూ సరేనన్నారు."

"అందరికీ చెప్పారా? గుండె సంగతి?"

"చెప్పాను. ఏం?"

"హాలు బయట పాలావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది అత్తయ్యా. 'ముప్పై ఏళ్ళు మా గడియారాలు బాగుచేసిన మనిషి, ఇదే ఆఖరుసారి కదా, ఒక్కసారైనా సంతోషపెడదామని మా వీధంతా వేశాం' అంది. ఆఖరుసారేంటో నాకప్పుడు అర్థం కాలేదు."

"అంటే... నేను చెప్పబట్టే..."

"ఊరుకోండి. మావయ్య వస్తున్నారు, మొహం తుడుచుకోండి."

"ఏమేవ్! విన్నావా? పదహారువందలే! మీసమే ఉంటే మెలేసేవాణ్ణి!"

"విన్నాను. కూర్చోండి, ఆయాసపడుతున్నారు."

"కూర్చునే టైమా ఇది? పార్టీవాళ్ళు బయట నిలబడ్డారు. డాక్టరుకి ఫోన్ చేసి గురువారం కుదరదని చెప్పెయ్."

"మావయ్యా, ఒక్క నిమిషం..."

"వచ్చాక తల్లీ, వచ్చాక!"

"అత్తయ్యా, అలా చూస్తారేంటి, ఆపండి!"

"ఏమని ఆపను? మాట తప్పింది ఆయన కాదుగా."

"నిజం చెప్పేద్దాం. అవి పార్టీ ఓట్లు కావు, జాలి ఓట్లని. అప్పుడైనా..."

"అది వింటే ఆ గుండె గురువారం దాకా కూడా తట్టుకోదే."

"మీకు సరేనని, వెళ్ళి ఆయనకే ఎలా వేశారు అత్తయ్యా వాళ్ళంతా? వాళ్ళ చేతులెలా వచ్చాయి?"

"వాళ్ళనేం అంటాం? లోపలికెళ్ళి ఆయన పేరు చూశాక, నేనూ ఆయనకే వేశాను."