మిథైల్ ఆల్కహాల్ తాగిన మా బాబాయి

మద్యనిషేధం ఉన్న రోజులు, అరవై ఆరు అనుకుంటాను. రేపల్లెలో మా తలుపులకు పాలిష్ పెట్టే బాలస్వామి, నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వస్తుంటే, వట్టి చేతులతో పరుగున వచ్చాడు. ముందురోజు వాళ్ల తమ్ముడు యేసుదాసు పాలిష్‌లో కలిపే మిథైలు స్పిరిటు తాగి ఆసుపత్రిలో పడ్డాడట. నాకా మాట చెప్పి, అరుగు మీదున్న మా పాండురంగం బాబాయి దగ్గరికి వెళ్లాడు. బాబాయి బాపట్లలో కాలేజీ ల్యాబ్ అటెండరు. నలుగురు చేరితే ఆయనకు ఒళ్లు తెలియదు.

"అయ్యగారూ, ఆ మిథైలు సంగతి..."

"కూర్చోరా! మొన్న సగమే చెప్పా. మిథైల్ అంటే ఏంటి? కర్ర నుంచి తీసిన సారా అని. గ్రీకు మాట, మా లెక్చరర్ గారు చెప్తే విన్నా. మన తాటికల్లుకి పెద్దన్న అన్నమాట. మరి సీసా మీద పుర్రె బొమ్మెందుకంటావా, మనలాంటివాళ్లు తాగేస్తారని! ఓ రోజు చుక్క నాలుక మీద వేసుకున్నా, చల్లగా ఉంది..."

"మింగారాండీ?"

"మింగకేం, గ్లాసుడు కొట్టా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెనుమూడి రేవులో దిగి, కృష్ణ అవతలికి ఈది, ఒడ్డున ఆరేసిన పంచె ఆరేలోపు వెనక్కొచ్చా."

"ఎండాకాలమా బావా?" పక్కింటి శివరామయ్యగారు నవ్వారు.

"వరదల్లో! పడవలే ఆపేశారు."

"బాబాయ్" అన్నాను నేను. ఆయనకు వినపడలేదు.

"తలనొప్పి, వాంతులు... ఏమీ రాలేదాండీ?" బాలస్వామి ఇంకో మెట్టెక్కాడు.

"నొప్పా? డబ్బా మొత్తం ఎత్తేశా! అప్పుడు చూడాలి నా చూపు. ఈ అరుగు మీద కూర్చుని నిజాంపట్నంలో ఎండబెట్టిన చేపలు లెక్కపెట్టా, ఏ చేపకి ఎన్ని పొలుసులు ఊడాయో చెప్పా, అటు తిరిగితే తెనాలి స్టేషన్లో రైలు డ్రైవరు మీసం దువ్వుకుంటున్నాడు..."

"చూపు ఎన్నాళ్లకి తిరిగొచ్చిందండీ?"

"రావడమేంట్రా? పోతేగా!"

"మావాడికి పోయిందండీ. మొన్న మీ మాటలు వాడూ విన్నాడు, నిన్న తాగాడు. పొద్దెక్కినా 'ఇంకా తెల్లారలేదా అన్నా' అంటున్నాడు. బతకడం కష్టమన్నారు డాక్టరుగారు. మీరు డబ్బా తాగి బతికారుగదా, ఏం వేసుకుని బతికారో వచ్చి ఆయనతో చెప్పండయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా."

శివరామయ్యగారు లేచి నిలబడ్డారు. బాబాయి అరుగు అంచు పట్టుకున్నాడు.

"నేను... మూత కూడా తీయలేదురా."

బాలస్వామి వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండయ్యా" అన్నాడు. "తాగే ఉంటారు."