చిలకకి చెప్పిన మాట

“నీకు తెలుసు సత్యక్కా. ఆ ఇంట్లో ఏం జరుగుద్దో నీకంతా తెలుసు. తెలిసే తోశావు నన్ను. నువ్వూ, తునిలో ఏజెంటు సోమరాజూ, ఆ మేడమూ, ముగ్గురూ కలిసి తోశారు.”

గల్ఫులో, బుదైయా అనే ఊళ్ళో రెండు విల్లాల వెనక సందు, శుక్రవారం మిట్టమధ్యాహ్నం. యజమానులు అవాలీలో చుట్టాలింటికి భోజనాలకెళ్ళారు. వచ్చిన నాలుగు నెలలకి ఇవాళే ఖాళీ దొరికిన సాయికుమారి, పక్క విల్లాలో పనిచేస్తున్న తమ ఊరి సత్యకుమారిని చెత్తడబ్బా దగ్గర అడ్డగించింది.

“మెల్లిగా మాట్లాడు. గేటు దగ్గర డ్రైవరున్నాడు. ఇనబడిందా?”

“ఇననీ. వాడికి తెలుగు రాదు. ఆ ఇంట్లో తెలుగొచ్చింది ఇద్దరికే. నాకూ, చిలక్కీ.”

“చిలకేటే?”

“హాల్లో పంజరం. బూడిద రంగుది, ఎర్ర తోక. నీకు తెలీదా?”

“ఉందేమో. డబ్బున్నోళ్ళు, పెంచుకుంటారు. ఆ సంచి పడేసి లోపలికి పో. ఎండ మండిపోతంది.”

“వచ్చిన రోజు హాలు తుడుస్తున్నాను. వెనక నుంచి తెలుగు ఇనబడింది. ‘గెడ పెట్టుకో, గెడ పెట్టుకో.’ ఎంత సంబరపడ్డానో. ఎవరో మనోళ్ళున్నారనుకుని ఇల్లంతా ఎతికాను. చూస్తే చిలక. దాని ముందు కూలబడి ‘ఏ ఊరే నీది’ అని అడిగాను కూడా.”

“చిలక పలుకులకి అర్థాలెతుకుతావేటి, పిచ్చిదానా. అది ఏది ఇంటే అదే అంటది.”

“నేనూ అదే అంటున్నాను. ఏది ఇంటే అదే అంటది. మరి ఎవరి దగ్గర ఇన్నది?”

“నాకేం తెలుసు.”

“మూడో రోజుకి నాకర్థమైంది. మేడం పెద్ద కొడుకు నా గదిలోకొచ్చి పోయాక. తలుపు మీద గెడ కోసం తడిమాను. లేదు. గెడ ఉండాల్సిన చోట నాలుగు బెజ్జాలు. మీద రంగేసేశారు.”

“వాషింగ్ మిషను అడ్డం లాక్కో. కింద చక్రాలుంటాయి, జరుగుద్ది. దాని మీద బియ్యం బస్తా పెట్టు.”

“వాషింగ్ మిషను నా గదిలో ఉందని నీకెవరు చెప్పారు?”

“నువ్వే. మొన్నెప్పుడో.”

“మొన్నెప్పుడు? నాలుగు నెలల్లో నీతో రెండు ముక్కలు మాట్లాడనిచ్చారా నన్ను?”

“అందరిళ్ళల్లోనూ పనిమనిషి గదిలోనే పెడతారు. ఇలా గుచ్చి గుచ్చి చంపకు నన్ను.”

“సరే. ఆ ఇంటి ప్రహరీ గోడ చూడు. సందంతా కాకులే. ఆ గోడ మీద ఒక్కటి వాలితే చూపించు.”

“కాకుల గొడవ నాకెందుకే.”

“డ్రైవరు వచ్చీరాని హిందీలో చెప్పాడు. రెండేళ్ళ కిందట పెద్ద కొడుకు పిట్టల తుపాకీతో ఆ గోడ మీద ఒక కాకిని కొట్టాడంట. ఆ రోజు కాకులన్నీ మూగి ఒకటే అరుపంట. ఈ ఏడు పుట్టిన పిల్లలు అప్పటికి గుడ్డులో కూడా లేవు. అవీ వాలవు. పెద్దవి చెప్పాయి వాటికి. కాకి చెప్పింది అక్కా, కాకి. మన ఊరి నుంచి ఆ ఇంటికి నేను మూడోదాన్ని. నాకెవరు చెప్పారు?”

“మూడోదానివని ఎవరన్నారు?”

“చిలక. దానికి రెండు గొంతులున్నాయి. ఒకటి గెడ పెట్టుకోమంటది. రెండోది సన్నగా, ఏడుపు గొంతు. ‘ఎవర్నీ తేను. నేనెవర్నీ తేను.’ అది అలా అంటే మేడం పిల్లలు పాటనుకుని నవ్వుతారు. ఎవరిదక్కా ఆ గొంతు?”

“తెలీదు.”

“నాకు ముందు చేసిన గంగాభవానిది.”

“తెలిసుండి నన్నెందుకడుగుతావు?”

“నీ నోట ఇందామని. మెట్లు తుడుస్తా జారిపడిందని ఊరికి ఫోన్ చేసి చెప్పావు. ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. బయల్దేరే ముందు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికెళ్ళాను దాన్ని. మాట పడిపోయింది కదా, మంచంలో అలా చూస్తా పడుంది. సత్యక్క దగ్గరికే వెళ్తున్నాను, నువ్వు చేసిన ఇంటికే అని దానికి చెప్పాను. నా చెయ్యి పట్టుకుని వదిలితే ఒట్టు. వాళ్ళమ్మ వేళ్ళు ఒక్కోటీ విడదీసింది. దీవిస్తందనుకున్నాను నేను.”

“ఊరుకోవే. ఊరుకో.”

“దాని నోరేమో ఊళ్ళో పడిపోయింది, గొంతేమో ఇక్కడ పంజరంలో ఉంది. ఎలా పడింది?”

“మేడ మీంచి దూకింది. బదులు మనిషిని తెస్తే రిలీజ్ కాయితం ఇస్తాను, వేరే ఇంటికి పొమ్మంది మేడం. ఇది తేనంది. మొండిది. ఒక పేరు చెప్పుంటే ఈపాటికి ఎక్కడో సుఖంగా ఉండేది.”

“నీలాగ.”

“ఏటి నాలాగ?”

“మొదటి గొంతు ఎవరిదో అడగవేం?”

“లోపలికి పద సాయీ. వాళ్ళొచ్చేస్తారు.”

“గెడ పెట్టుకో అంటది. తర్వాత గొంతు సవరించుకుంటది. తర్వాత ‘ఇనబడిందా?’ అంటది. ప్రతిసారీ అంతే. ఆ దగ్గుతో సహా నీదే. ఇందాక నోరు తెరవగానే గొంతు సవరించుకుని ‘ఇనబడిందా’ అన్నావు.”

“మూడు నెలలు నేర్పాను.”

“ఏటీ?”

“మూడు నెలలు నేర్పానే దానికి. పొద్దుతిరుగుడు గింజ ఒక్కోటీ నోటికందిస్తా నేర్పాను. నా తర్వాత వచ్చేదానికి చెప్పాలంటే నాకింకో దారి కనపడలేదు. చెప్పానా లేదా? వచ్చిన రోజే నీకు చెప్పిందా లేదా అది?”

“తలుపుకి గెడ ఉన్న రోజుల్లో నేర్పావు. గంగాభవాని గెడ పెట్టుకుంటందని వాళ్ళు పీకేశారు. చిలక్కేం తెలుసు, అది పాత మాటే చెప్తంది. నీకు నోరుందిగా. నేను తునిలో బస్సెక్కకముందు చెప్పొచ్చుగా.”

“చెప్తే ఎవరొస్తారే. ఎవరూ రాకపోతే నన్నెవరొదుల్తారు. గంగాభవాని అలా అయ్యాక మేడం నా మీదకొచ్చింది. నువ్వు తెచ్చింది పనికి రాకుండా పోయింది, ఇంకోదాన్ని తే, లేదంటే నువ్వే తిరిగి రా అంది. ఏం చెయ్యమంటావు? నీ పేరు చెప్పాను.”

“ఎంత తేలిగ్గా అన్నావు.”

“నాకూ ఒకావిడ అలాగే అంది. నాకు ముందున్నది, రాజోలావిడ. ‘ఒకదాన్ని తేవే, బయటపడు’ అంది. ఆవిడకి ఆవిడ ముందున్నది చెప్పిందంట. ఇక్కడ ఆడదానికి ఆడది నేర్పింది ఆ ఒక్కటే. నువ్వూ అదే చెయ్యి. ఎవరో ఒకళ్ళ పేరిచ్చెయ్యి. నెల తిరక్కుండా ఆ గది దాటుతావు.”

“ఇచ్చాను.”

“ఇచ్చావా?”

“పోయిన నెల. మేడం తన ఫోనే చేతికిచ్చి మాట్లాడించింది. విజిట్ వీసా వచ్చేసింది. సోమవారం విమానం.”

“అదీ. అలా ఉండాలి. అది చెప్పకుండా ఇందాకట్నుంచి నా ప్రాణం తోడేస్తన్నావు. మన ఊరిదేనా?”

“మన వీధే. ఒక్క మాటకి ఒప్పేసుకుంది. వాళ్ళమ్మ ముందు చేసిన ఇల్లేనన్నాను, ఎలాంటిదని కూడా అడగలేదు. ‘మా అమ్మ చేసిన ఇల్లేగా’ అంది.”

“ఎవరమ్మ?”

“మూడేళ్ళ చంటిదాన్ని పిన్నికి అప్పజెప్పేసింది. బట్టలు సర్దేసుకుంది.”

“సాయీ. ఎవరే.”

“మీ లోవ.”

“అబద్ధం. నా కూతురు నాతో చెప్పకుండా...”

“వచ్చి నీ ముందు నిలబడదామనుకుంది. నేనే చెప్పొద్దన్నాను.”

“ఎంత పని చేశావే. నీకూ పిల్లలున్నారు కదే.”

“ఉన్నారు. గంగాభవానీ ఒకమ్మ కూతురే. నేను కొత్తగా ఏం చెయ్యలేదు. నువ్వు చేసిందే చేశాను. అయినా కాకికున్న బుద్ధి నాకూ ఉంది. నిన్న డ్రైవరు ఫోను అడిగి తీసుకుని లోవకి చేశాను. రావద్దే, ఈ ఇల్లు మంచిది కాదే అని చెప్పాను. నవ్వింది. ‘మా అమ్మ పదకొండేళ్ళుగా అక్కడుంది, ఏనాడూ ఒక్క చెడ్డ మాట అనలేదు, నేనొస్తే నీకు కుళ్ళా’ అంది.”

“మేడంతో చెప్పి ఆపించు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“మేడం ఎందుకాపుద్ది? లోవే ఆగాలి. లోవ ఇనేది నీ మాటొక్కటే.”

“అది రాకపోతే నీకు రిలీజ్ ఉండదే. ఆలోచించావా?”

“ఉండదు. తెలుసు. ఆ గదిలోనే ఉంటాను. బియ్యం బస్తా పెట్టుకోమన్నావుగా, పెట్టుకుంటాను. వేరే ఎవరి పేరిచ్చినా నీ నోరు పెగలదనే ఆ పేరిచ్చాను.”

“నేను తర్వాత చెప్తాను. ఒక్కదానికే, మెల్లిగా...”

“తర్వాత లేదు. ఇదిగో డ్రైవరు ఫోను. మీ ఇంట్లో లోవకి పచ్చళ్ళు కడతన్నారు. వీధి ఆడాళ్ళంతా అక్కడే ఉన్నారు. గంగాభవాని అమ్మ కూడా ఉంది. అమ్మ మాట్లాడుద్ది, స్పీకరు పెట్టమని లోవకి నిన్ననే చెప్పాను. మోగుతంది.”

“అందరి ముందా? అందరి ముందు నేనెలా చెప్పనే?”

“చిలక ముందు చెప్పినట్టే. నీ గదిలో ఏం జరిగిందో చెప్పు. బెజ్జాల సంగతి చెప్పు. గంగాభవాని జారిపడలేదని వాళ్ళమ్మకి చెప్పు. దాని పేరూ, నా పేరూ ఇచ్చింది నువ్వేనని చెప్పు. సోమరాజు గుమ్మం ఇంకెవరూ ఎక్కొద్దని చెప్పు. ఎత్తింది అక్కా. చెప్పు. ఇనబడేలా చెప్పు.”