ప్లీజ్ వద్దండి

సామర్లకోట, పంతొమ్మిది వందల ఎనభై మూడు. గున్నేశ్వరరావు మేస్టారి ఇంటి అరుగు. సాయంత్రం ట్యూషన్ పిల్లలు వెళ్ళిపోయారు. మస్కట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన బుజ్జమ్మ మాత్రం కదల్లేదు.

“మళ్ళీ చెప్పండి మేస్టారూ. తలుపు తియ్యమంటే?”

“ఓపెన్ ది డోర్. ముందు ప్లీజ్ చేర్చాలి బుజ్జమ్మా. లేకపోతే పెద్దవాళ్ళ మీద అధికారం చేసినట్టుంటుంది.”

“ప్లీజ్ వద్దండి.”

“అదేంటి? మర్యాద...”

“అన్నానండి. చాలాసార్లు అన్నాను. తియ్యలేదు.”

“ఎవరు?”

“తర్వాతది చెప్పండి. నిన్నట్నుంచి అన్నం తినలేదంటే?”

“ఐ హావ్ నాట్ ఈటెన్ సిన్స్ ఎస్టర్‌డే. నిన్న, సోమవారం, అలాంటి మాటలకి సిన్స్. ఇన్ని రోజులుగా అని లెక్క చెబితే ఫర్. అందరూ తప్పేది ఇక్కడే.”

“ఫర్ కూడా చెప్పండి. రెండూ కావాలి.”

“ఫర్ త్రీ డేస్. ఏంటమ్మా, ఉపవాసాల మీద పడ్డావు?”

“కొట్టాడు అంటేనో?”

“హి బీట్ మీ.”

“కొడతాడు అంటే?”

“హి బీట్స్ మీ. చివర ఎస్ చేరుతుంది. రోజూ జరిగేదానికి సింపుల్ ప్రెజెంట్. ఆవు పాలిస్తుంది, సూర్యుడు ఉదయిస్తాడు...”

“ఆ ఎస్ వినపడకపోతే ఒక్కసారే కొట్టాడనుకుంటారాండి?”

“అనుకోవచ్చు.”

“అయితే గట్టిగా పలకాలి. బీట్స్. బీట్స్.”

“మెల్లిగా, మెల్లిగా. లోపల వింటారు. పోనీ పాసివ్ వాయిస్‌లో చెప్పు. ఐ యామ్ బీటెన్. ఎవరు కొట్టారో చెప్పక్కర్లేదు, గౌరవంగా ఉంటుంది.”

“ఎవరికండి గౌరవం?”

“అంటే... వాక్యానికి.”

“ఎవరు కొట్టారో రావాలండి. అదే మొదటి మాట అవ్వాలి.”

“బుజ్జమ్మా, ఆ చేతి మీద మచ్చ...”

“ఇస్త్రీపెట్టెండి. పాస్‌పోర్టు ఇచ్చెయ్యమంటే?”

“గివ్ మీ మై పాస్‌పోర్ట్. ఆగాగు. నీ పాస్‌పోర్టు వాళ్ళు తీసేసుకున్నారా?”

“ఇంట్లో అడుగుపెట్టగానే. ఒకరోజు వీధిలోకి పారిపోయానండి. ఎవరో పెద్దాయన ఆగి ఇంగ్లీషులో అడిగాడు, ఏమైందని. చెప్పడం రాలేదు. ఏడ్చాను. ఈలోగా వాళ్ళొచ్చి ఈడ్చుకుపోయారు.”

“అయ్యో... మరి ఎలా బయటపడ్డావు?”

“జబ్బు చేసింది. ఇంక పనికి రానని పంపేశారు.”

“ఛ, ఛ. అయినా నువ్వు ఇంటిపనికి వెళ్ళావు గనక అలా జరిగింది. చదువుకున్నవాళ్ళని అలా చెయ్యరు.”

“నాకూ పసిపిల్లని ఎత్తుకోవడమే పనన్నారండి.”

“చెయ్యరులే. చదువుకున్నవాళ్ళ సంగతి వేరు. సరే, ఇంత జరిగాక మళ్ళీ ఆ దేశం ఎందుకమ్మా నీకు? మీ ఆయన పొమ్మంటున్నాడా? నేను మాట్లాడతాను. ఈ వాక్యాలు నీకు నేర్పను.”

“నేను వెళ్ళనండి.”

“మరి ఎవరికోసం ఇదంతా?”

“నా చోటు ఖాళీ అయ్యిందిగాండి. నన్ను పంపిన పల్లంరాజుగారే ఆ ఇంటికి ఇంకొకరిని కుదిర్చారు. అక్కడి పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఉద్యోగమన్నారట.”

“ఏంటి... ఏమన్నావు?”

“అదే ఇల్లండి. ఆ పచ్చగేటు మేడ ఫొటో ఆయన నాకూ చూపించాడు. మొన్న చెబుదామని వస్తే, ‘ఓర్వలేక వచ్చావా’ అని అమ్మగారు గుమ్మంలోంచే పొమ్మన్నారు. అందుకని ఇలా చదువు వంకన కూర్చున్నాను.”

“ఏ అమ్మగారు? బుజ్జమ్మా, ఏ అమ్మగారు?”

“మీ అమ్మాయి రాజరాజేశ్వరి లోపల పెట్టె సర్దుకుంటోందటగా మేస్టారూ. ఒక్కసారి ఇలా పిలవండి.”