ఆవిరి ఆగేదాకా

ఆదివారం పొద్దున్న ఎనిమిది. రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చిన మనిషి, హాయిగా పడుకోవలసింది పోయి, వంటింట్లో పదేళ్ళ కూతురిని పక్కన పెట్టుకుని గళ్ళ అట్లు కాల్చే వాఫిల్ మిషనుతో తగువు పడుతున్నాడు. పక్క గదిలో ఆ పిల్ల తల్లి సంచి సర్దుతోంది.

“మళ్ళీ అంటుకుంది! చూడు, మళ్ళీ రెండుగా చీలింది. పైముక్క పైన, కిందిముక్క కింద.”

“తొందరపడి తెరిచావు నాన్నా. ఆవిరి ఆగేదాకా తెరవకూడదని నువ్వే చెప్పావు.”

“ఆగిందనుకున్నా.”

“ఆగలేదు. పక్కనుంచి ఇంకా వస్తూనే ఉంది.”

“ఇరవై ఏళ్ళుగా పిండితో బతుకుతున్నానే! రాత్రికి నాలుగు బస్తాల మైదా నేను చెప్పినట్టు వింటుంది. ఈ గిన్నెడు పిండి మాత్రం వినదు. సాగదు, పట్టుకోదు, ఒకదానికొకటి చుట్టరికమే లేనట్టు ఉంటుంది.”

“నాకు పడదని గోధుమ వెయ్యలేదుగా అందులో. జిగురంతా గ్లూటెన్‌దేనని డాక్టరుగారు చెప్పారు.”

“నాకే పాఠాలు చెప్పు. బియ్యప్పిండి రెండు కప్పులు, జొన్నపిండి ఒక కప్పు, రెండు గుడ్లు, బాగా మగ్గిన అరటిపండు. చక్కెర చిటికెడు కూడా లేదు. అవిసె గింజల పొడి నానబెట్టి మరీ కలిపా. ఇంకేం కావాలంట దీనికి? కాళ్ళు పట్టుకోవాలా?”

“ముక్కలైనా బాగుంటుంది నాన్నా. ఇటు పెట్టెయ్.”

“ముక్కలు పెట్టడానికా పరిగెత్తుకొచ్చింది? ఆగు, మిషను ఒకసారి తుడిచి మళ్ళీ పోస్తా.”

“తుడవక్కర్లేదు.”

“మాడిన తునకలున్నాయి. తుడవకపోతే మళ్ళీ పట్టేస్తుంది.”

“పోనీ కొత్త తుండుతో తుడువు. అమ్మ కొన్నదిగా, కొక్కేనికి ఉంది.”

“అది చుక్క నీళ్ళు పీల్చదు. భుజం మీద నా తుండు ఉండగా ఇంకోటెందుకు? ఇది లేకపోతే నాకు చేతులు ఆడవు.”

“ఊఁ.”

“ఏంటి ఊఁ?”

“ఏం లేదు. లైటు వెలిగింది, పిండి పోసెయ్.”

“ఏవండీ! ఆ వాఫిళ్ళ గోల అయ్యాక దాన్ని మీరు అడుగుతారా, నన్నే వచ్చి అడగమంటారా? తొమ్మిదింటికల్లా మా చెల్లెలు వచ్చేస్తుంది.”

“అడుగుతానన్నానుగా. నువ్వు ఆ సంచి సంగతి చూడు.”

“రక్తపరీక్ష రెండో రిపోర్టు కూడా అలాగే వచ్చిందంటే ఎక్కడో తింటోందనేగా? డాక్టరు నా మొహం మీదే అనేశాడు. పిల్ల ఒంట్లోకి గోధుమ వెళ్తూనే ఉందమ్మా, మీరు ఇంట్లో ఏం చూస్తున్నారు అని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు.”

“విన్నావా మీ అమ్మ మాట?”

“విన్నా. నాన్నా, నిజంగా పిన్ని వాళ్ళింటికి పంపించేస్తారా?”

“సెలవులు రెండు నెలలూ అక్కడే.”

“రెండు నెలలా? అమ్మ పది రోజులంది.”

“పేగులు బాగుపడొద్దూ? పిన్నయితే రోజంతా ఇంట్లోనే ఉంటుంది. కళ్ళలో వత్తులేసుకుని చూసుకుంటుంది.”

“సెలవులిచ్చాక రోజూ పొద్దున్నే నువ్వొచ్చేసరికి నేను ఇంట్లో ఉంటాననుకున్నా.”

“నేనూ అలాగే అనుకున్నా.”

“మరి ఆదివారాలు? నువ్వక్కడికి వస్తావా?”

“బస్సులో మూడు గంటలు. రాత్రి డ్యూటీ దిగి అంత దూరం… చూద్దాంలే.”

“చూద్దాం అంటే రావనే.”

“అదుగో, మొదలుపెట్టావు. పంపడం నాకేమన్నా సరదానా? ఆరు రోజులూ నేనొచ్చేసరికి నువ్వు బడికెళ్ళిపోతావు, నువ్వొచ్చేసరికి నేను పనికి పోతా. ఈ ఒక్క పొద్దు కోసం, డ్యూటీ దిగీ దిగగానే ఒంటి మీద నీళ్ళైనా పోసుకోకుండా పరిగెత్తుకొస్తా. ఎందుకో తెలుసా?”

“తెలుసు.”

“ఎందుకు?”

“స్నానం చేస్తే నిద్రొచ్చేస్తుంది.”

“అంతే. రెండు చెంబులు పోసుకున్నానంటే పిడుగు పడ్డా సాయంత్రం దాకా లేవను. అందుకే ముందు నీ టిఫిను, తర్వాత నా స్నానం. ఇంత చేస్తే, సోమవారం పొద్దున్నకల్లా నువ్వు కడుపు పట్టుకుని కూర్చుంటావు. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?”

“సోమవారం ఒక్కటే కాదుగా.”

“మంగళవారం కూడా. మీ అమ్మ కాలెండరు మీద ఎర్రచుక్కలు పెడుతూనే ఉంది. గురువారానికి నెమ్మదిస్తుంది, మళ్ళీ సోమవారం మామూలే. అంటే ఏంటి? ఆదివారమే ఎక్కడో మేస్తున్నావు.”

“ఆవిరి ఆగింది నాన్నా.”

“మాట మార్చకు.”

“నిజంగానే ఆగింది. చూడు కావాలంటే.”

“ఏదీ… వచ్చింది! చూశావా, గళ్ళు గళ్ళుగా చెక్కు చెదరకుండా వచ్చింది! నాతోనా దీని ఆటలు? ఆ పళ్ళెం ఇటివ్వు, తుడిచి పెడతా.”

“తడిగానే పెట్టెయ్ నాన్నా, పర్లేదు.”

“తడి పళ్ళెంలో పెడితే అడుగు మెత్తబడిపోదూ? ఇదుగో. వేడిగా ఉండగానే తిను.”

“తింటున్నా.”

“ఎలా ఉంది?”

“బాగుంది.”

“ఉత్తినే బాగుందా?”

“చాలా బాగుంది. పైన కరకరమంటోంది, లోపల మెత్తగా ఉంది. నువ్వు కూడా కూర్చో నాన్నా.”

“కూర్చుంటా. ముందు చెప్పు, ఎక్కడ తింటున్నావు?”

“ఎక్కడా తినట్లేదు.”

“మరి రిపోర్టు అబద్ధం చెప్పిందా?”

“నాకేం తెలుసు? మొన్న మా క్లాసులో రెండు జడల పిల్ల పుట్టినరోజుకి అందరూ కేకు తింటుంటే నేను గోడకున్న బెలూన్లు లెక్కపెడుతూ కూర్చున్నా. ముప్ఫై నాలుగు. కావాలంటే వాళ్ళమ్మని అడుగు.”

“నావైపు చూసి చెప్పు.”

“చూస్తూనే ఉన్నా.”

“మొహంలోకి చూడు. ఆ పక్కకి ఎక్కడో చూస్తావేంటి?”

“ఎక్కడా చూడట్లేదు. వాఫిల్ చల్లారిపోతోంది.”

“మిషను కొత్తది. గిన్నె కొత్తది, గరిటె కొత్తది. నీ పిండ్లకి విడిగా అర, దానికో తాళం. రొట్టెలు కాల్చేవాడి ఇంట్లో రొట్టెముక్క కనపడి ఐదు నెలలైంది! మా బేకరీలో వాళ్ళు నవ్వుతున్నారు నన్ను చూసి. ఇంత చేశాక ఇంక గోధుమ ఎక్కణ్ణుంచి వస్తుంది? కిటికీలోంచి ఎగిరొస్తుందా?”

“తిన్నాను.”

“ఏంటీ?”

“బిస్కెట్లు తిన్నాను. బళ్ళో.”

“ఎప్పుడు?”

“శుక్రవారం. ఇంకెప్పుడూ తినను నాన్నా. అమ్మకి చెప్పు, తప్పయిపోయిందంట, ఇంక ముట్టదంట అని చెప్పు. పిన్ని వాళ్ళింటికి పంపొద్దు.”

“శుక్రవారం నువ్వు బడికే వెళ్ళలేదు. పొద్దస్తమానం మా పక్కన డాక్టరు దగ్గర కూర్చున్నావు.”

“అయితే గురువారం.”

“ఏం బిస్కెట్లు?”

“గుండ్రటివి.”

“గుండ్రటివి! ఎవరిచ్చారు?”

“ఎవరో. గుర్తులేదు.”

“నాతోనే అబద్ధాలా? అదీ చెయ్యని తప్పు చేశానని అబద్ధం! ఇలాంటి విడ్డూరం ఎక్కడా చూళ్ళేదు. నువ్వు ఎవర్నో వెనకేసుకొస్తున్నావు.”

“ఎవర్నీ లేదు!”

“అంత గట్టిగా అరిచావంటే ఉన్నారన్నమాటే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం.”

“భుజాలెందుకు తడుముకోవడం?”

“బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. మోసుకుపోయినవాడి భుజానికి అంటుకుంటుంది. ఎవడ్రా దొంగ అని అడగ్గానే, అంటుకుందేమోనని భుజం దులుపుకుని దొరికిపోతాడు.”

“అప్పటిదాకా వాడికి తెలీదా?”

“తెలిస్తే ముందే దులుపుకుని వచ్చేవాడుగా. ఇప్పుడీ దొంగ కథలు నాకెందుకు? ఆదివారం మధ్యాహ్నం నేను నిద్రపోతా. మీ అమ్మ డ్యూటీకి వెళ్తుంది. నువ్వెక్కడుంటావు?”

“కింద. కుట్టుమిషను అత్త దగ్గర.”

“ఆఁ! ఇప్పుడు దారిలోకొచ్చింది. ఆవిడ మిషను పక్కన ఎప్పుడూ ఓ బిస్కెట్ల డబ్బా ఉంటుంది.”

“అందులో గుండీలుంటాయి నాన్నా!”

“గుండీలో, బిస్కెట్లో ఇప్పుడే తేల్చేస్తా. నా చెప్పులేవి?”

“వెళ్ళండి, గట్టిగా అడగండి! నేనెప్పుడో అనుకున్నా. పిల్ల ముద్దొస్తే చాలు, ఆవిడ ఏదో ఒకటి నోట్లో పెట్టేస్తుంది.”

“అమ్మా, నీకు తెలీదు, ఊరుకో! అత్త నాకు పల్లీలు వేయించి పెడుతుంది, అంతే. అదీ చేతులు కడుక్కుని మరీ పెడుతుంది.”

“తలుపు దగ్గర్నుంచి జరుగు.”

“జరగను.”

“జరుగు అన్నానా! నా పిల్ల కడుపులో విషం పోస్తున్నది ఎవరో ఇవాళ తేలాలి. ఎవరైనా సరే, వదిలిపెట్టేది లేదు. ఈ గుమ్మం తొక్కనివ్వను!”

“అలా అనకు నాన్నా.”

“అంటా! ఎందుకనకూడదు?”

“అనకు. నాకు ఏడుపొస్తోంది.”

“ఏడిస్తే భయపడతాననుకున్నావా? ఎవరు పెడుతున్నారు? చెప్పు!”

“నీ భుజం చూసుకో నాన్నా.”

“నా భుజమా? నా భుజం మీద ఏముంది? తుండు.”

“దులుపు.”

“దులిపితే?”

“ఇక్కడ కాదు. కిటికీ దగ్గర, ఎండ పడేచోట నిలబడి దులుపు.”

“ఇదుగో, దులిపా… ఏంటిది?”

“ఏమైందండీ? ఏంటా పొగ? అయ్యో, పొగ కాదు… పిండా? దీంతోనేనా దాని పళ్ళెం తుడిచింది?”

“పళ్ళెం. మిషను. ప్రతి ఆదివారం… జుట్టులో కూడా ఉంది చూడు. చొక్కా నిండా ఉంది.”

“పెళ్ళయినప్పట్నుంచీ మిమ్మల్ని తెల్లగానే చూస్తున్నా. అది గోధుమపిండే కదా అని నాకైనా తట్టలేదు. నాకైనా తట్టొద్దూ!”

“ఆ పళ్ళెం అవతల పెట్టు. పెట్టమ్మా, ఇంక తినకు. నా బంగారు తల్లివి కదూ. నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి వాఫిల్ చేసినప్పుడే. నువ్వు వంగితే గిన్నెలోకి రాలింది.”

“ఐదు నెలల కిందటా? తెలిసీ తిన్నావా? కడుపు మెలిపెట్టేస్తున్నా ప్రతి వారం కూర్చుని తిన్నావా? ‘నాన్నా, స్నానం చేసి రా’ అని ఒక్క మాటంటే పోయేది కదే! ఎందుకనలేదు?”

“స్నానం చేస్తే నువ్వు పడుకుంటావుగా.”