సముద్రానికి ఫుట్‌వాల్ బిగించిన ఐలేశ్

"నీళ్ళంటె నాకేం భయం మహమ్మదన్నా? నేను మా అవ్వ కడుపుల కంటె బాయిలనే ఎక్కువ దినాలున్న. తొర్రూరు సుట్టుముట్టు ఏ ఊళ్ళెనన్న అడుగు, మోటరు పైపు కొసకు నీళ్ళడుగున ఉండే ఫుట్‌వాల్ ఇరుక్కుంటె ఎవన్ని పిలుస్తరని. ఐలేశ్‌నే పిలుస్తరు. ముక్కు పట్టుకొని మునిగిన్నంటె వాల్ చేతికి దొరికినంకనే పైకి లేస్త. గిది కోత కాదు."

నిజమే, గది కోత కాదు. అందుకే బస్టాండు ఎదురుంగ మహమ్మద్ చాయ్ హోటల్ల కూసున్నోళ్ళు ఎవ్వలు నవ్వలే. మహమ్మద్ చాయ్ పోసుడు ఆపి, పాత క్యాలెండర్ కాయితం ఎనుకకు తిప్పి పెన్ను పట్టుకున్నడు. శనారం నాడు బండి మాట్లాడుకొని ఇంటిల్లిపాది బాపట్ల దిక్కు సముద్రం కాడికి పోతున్నరు. వాళ్ళమ్మ రబియా బీకి డెబ్బై ఏండ్లొచ్చినయ్, ఇంతవరకు సముద్రం జూడలే. మహమ్మద్‌కు ఇద్దరు చిన్నపిల్లలు, ఇద్దరికీ ఈత రాదు. ఏడ దిగాలె, ఎట్ల దిగాలె అని అడుగుదామంటె, హోటల్‌కు వచ్చేటోళ్ళల్ల సముద్రం జూసొచ్చినోడు ఐలేశొక్కడే.

"రాస్కో" అన్నడు ఐలేశ్, బెంచి మీద కాలు మీద కాలేస్కొని. పక్క మడిగెల ఆయన పెండ్లాం వసంత కుట్టు మిషన్ చప్పుడు టకటక ఇనొస్తున్నది.

"పోయిన ఎండకాలం పోయినం మేము. నేను, వసంత, మా శృతి, మా అవ్వ పెంటమ్మ. మా అవ్వ సంగతి మీకెరుకే గద? సముద్రమంటె ఏదో పెద్ద బాయనుకున్నది. సద్ది కట్టింది, సీసల పచ్చిపులుసు పోసింది, మోకుతాడు సుట్టి పెట్టుకున్నది. గంతటితోని ఆగిందా? శృతి ఈపుకు కడ్తనని ఐదు లీటర్ల నూనె డబ్బ గూడ ఏస్కున్నది. మన దిక్కు పిల్లలకు బాయిల ఈత నేర్పెటప్పుడు కట్టరా, గట్లన్నట్టు. ఓ అవ్వా, గాడికి హైదరాబాదోళ్ళొస్తరు, ఇజ్జత్ పోతదే అన్న. ఇంటదా?"

"గట్లాంటి డబ్బనే నీ బండికి గూడ ఏలాడ్తున్నది గదరా" అన్నడు బిక్షం. ముసలోడు. ఐలేశ్ మాట మధ్యల పుల్ల పెట్టుడు ఆయనకు రోజుటి పని. బయట నిలవెట్టిన ఐలేశ్ మోపెడ్‌కు పానాలు, పైపు ముక్కల నడుమ పచ్చటి నూనె డబ్బ ఒకటి ఏలాడ్తనే ఉన్నది.

"గది గ్రీసుది. మోటర్ల పనికి. నువ్వు చాయ్ తాగే బిక్షమన్నా, సల్లారిపోతది. ఆఁ, ఏడున్న? సముద్రం కాడ దిగినం. జనమా జనం! అంగడి నాడు గూడ గంతమంది ఉండరు. కాలు పెట్ట సందు లేదు. నేను ఊకుంటనా? అటు జూసిన, ఇటు జూసిన. ఓ దిక్కు ఎర్రజెండ పాతిన్రు. జెండ కాడ ఒక్క పురుగు లేదు. నాకు మస్తు సంబురమైంది. ఎందుకో జెప్పు? మన దిక్కు ఎర్రజెండ ఏడ పాతుతరు? సర్కారు జాగల, గుడిసెలు ఏస్కునే గరీబోళ్ళకు గిది మీదేనని. ఓహో, మనోళ్ళు గింత దూరమొచ్చి సముద్రంల గూడ పేదోళ్ళకు ఓ ముక్క పట్టి పెట్టిన్రు అనుకున్న. జెండకు లాల్‌సలామ్ గొట్టి గాడ్నే చెప్పులిడ్సిన."

పక్క మడిగెల మిషన్ చప్పుడు ఆగింది. మల్ల మొదలైంది.

మహమ్మద్ కాయితం మీద రాసుకున్నడు: ఎర్రజెండ కాడ దిగాలె, ఖాళీగ ఉంటది.

"పోలీసులు ఏమనలేదా బేటా?" రబియా బీ అడిగింది. ఆమె పొయ్యి పక్కన స్టూలు మీద కూసోని అల్లం దంచుతున్నది.

"సీటీలు ఊదిన్రు అమ్మా. నన్ను జూసి సంబురపడి ఊదిన్రు."

"మరి పిల్లలకు జాకెట్లు గిట్ల కిరాయికి ఇస్తరంటరు?" అన్నడు మహమ్మద్.

"దండుగ. నేనేస్కున్ననా? ఇను. మొదాలు అల మోకాలంత వచ్చింది. నవ్విన. రెండోది తాటిచెట్టంత. అగో, గిది జర నయ్యం అనుకున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోది మంచినీళ్ళ ట్యాంకంత లేశింది! జనమంత ఎనుకకు రా, ఎనుకకు రా అని ఒర్రుతున్నరు. నేను గిట్ల చెయ్యి అడ్డం పెట్టి, ఆగు అన్న. ఆగింది."

"ఆగిందా?" అన్నడు మహమ్మద్.

"ఆర్టీసీ బస్సు ఆగినట్టు ఆగింది."

"చెయ్యి అడ్డం పెడ్తె ఆర్టీసీ బస్సు ఎప్పుడాగిందిరా?" అన్నడు బిక్షం. హోటలంత నవ్విన్రు.

ఐలేశ్ నవ్వలే. పక్కోళ్ళు నవ్వితె ఆయనకు ఇంకింత ఊపొస్తది. "నవ్వుర్రి, నవ్వుర్రి. గప్పుడు నాకో అనుమానమొచ్చింది. ఈ నీళ్ళు ముందుకొస్తయ్, ఎనుకకు పోతయ్. మల్ల ముందుకొస్తయ్, మల్ల ఎనుకకే. ఇదేం రోగం? మన బాయి మోటరు గిట్ల ఎప్పుడు చేస్తది? ఫుట్‌వాల్ పోయినప్పుడు. ఎక్కిన నీళ్ళు నిలవయ్, కిందికే జారుతయ్. అంటె సముద్రానికి ఫుట్‌వాల్ కరాబైంది! ఇన్నేండ్ల సంది ఒక్కడన్న జూసిండా? ఒడ్డుకు కూసోని పల్లీలు తినుడే గని!"

"మునిగినవా మరి?" అన్నడు మహమ్మద్.

"మునగకుంటె ఎట్ల? నా పనే గది గద. ఒక ఫర్లాంగు దిగిన, రెండు ఫర్లాంగులు దిగిన. నడుమ సొరచేప అడ్డమొచ్చింది, ట్రాక్టర్ ట్రాలీ అంత. నాకు పండ్లు సూపెట్టింది. నేను దానికి పానా సూపెట్టిన. పాపం, పక్కకు జరిగింది. ఇంక కిందికి పోతె కటిక చీకటి. సెల్లు లైటేసిన."

"నీళ్ళల్ల సెల్లా?" అన్నడు బిక్షం.

"కవర్ల పెట్టుకున్న గదనే! సిగ్నల్ గూడ మంచిగుండె, మన తరిగొప్పుల కంటె నయ్యం. వసంతకు ఫోన్ గూడ చేసిన. నాకు ఆల్చమైతది, మీరు సద్ది ఇప్పుకొని తినుర్రి అని."

మిషన్ మల్ల ఆగింది. ఈసారి తొందరగ మొదలు గాలే. ఐలేశ్ ఆ దిక్కు ఓ కన్నేసి, గొంతు జర తగ్గించిండు.

"గాడున్నది ఫుట్‌వాల్! జఫర్‌గఢ్ గుట్టంత. జాలికి చెత్త ఇరికింది. ఏం చెత్తనుకున్నరు? ఓడలు! తుప్పు వట్టిన ఓడలు ఏడు. ఒక్కొక్కటి గుంజి అవతల పారేసిన. లోపట వాషర్ అరిగిపోయింది. నా దగ్గర సైకిల్ ట్యూబు ముక్క ఉండె, కోసి ఏసిన, బిగించిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం ఆగిపోయింది! ఒక్క అల లేదు. చెరువు లెక్క పండుకున్నది. నేను పైకొచ్చి జూస్తె ఒడ్డుకు చేపలోళ్ళు, హోటళ్ళోళ్ళు, ఆఫీసర్లు అందరు చేతులు జోడించి నిలవడ్డరు. ఐలేశ్ గారండీ, అలల్లేకపోతే ఇక్కడికి ఎవరొస్తారండీ, మా పొట్టలు కొట్టకండీ, జర ఒక్క చుట్టు వదులు చెయ్యండీ అని. ఇన్నరా? జర అన్నరు! మన మాటకు సినిమాల్ల నవ్విపిచ్చినోళ్ళ నోట జర అనిపించిన. పాపమని మల్ల మునిగి ఒక్క చుట్టు ఒదులు చేసొచ్చిన. ఇయ్యాల గాడ అలలు కొడ్తున్నయంటె నేను పెట్టిన భిక్ష."

బిక్షం నవ్వి నవ్వి దగ్గుతున్నడు. రబియా బీ గూడ నవ్వింది గని, ఆమె మనసంతా శనారం మీదనే ఉన్నది. అల్లం రోలు పక్కకు పెట్టింది.

"ఓడల సంగతేమో గని, నీకు నీళ్ళ పని ఎరుకే బేటా. మా బండిల ఒక సీటు ఖాళీ ఉన్నది. నువ్వు రా. గా జెండ కాడ పిల్లలిద్దర్ని నీ చేతికే ఇస్త. నన్ను గూడ జర పట్టుకొని కాళ్ళు తడిపియ్యి. నాకింకేం ఫికర్ ఉండది."

ఐలేశ్ చాయ్ గ్లాసు నోటి కాడ ఆగింది. "శనారమా... శనారం నాకు తరిగొప్పులల మోటరు పని ఉన్నదమ్మా."

"అయితె ఐతారం పోదాం."

"ఐతారం గూడ..."

"నీకెప్పుడు వీలైతె గప్పుడే పోదాం. డెబ్బై ఏండ్లు ఆగిన, రెండు దినాలు ఆగలేనా?"

మహమ్మద్ కాయితం మీద ఐలేశ్ పేరు గూడ రాసిండు. ఐలేశ్ కాలు మీది కాలు దించిండు. "నేనెందుకు అమ్మా? మీరే పోర్రి. గా జెండ కాడ... గాడ..." అన్నడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఈసారి అడగలే.

మెడల టేపు ఏస్కొని వసంత మడిగెలకెల్లి బయటికొచ్చింది.

"ఇంతసేపు నేనేమన్న అన్ననా? ఫుట్‌వాల్ బిగించుకో, ఓడలు గుంజుకో, నీ ముచ్చట నీ ఇష్టం. గా జెండ మాట మాత్రం పిల్లల పానం మీదికి తెస్తది. నేను ఊకోను" అని, మహమ్మద్ దిక్కు మళ్ళింది. "అన్నా, ముందుగాల గా కాయితం మీద గీత కొట్టు. ఎర్రజెండ పాతిన్రంటె గాడ దిగొద్దని. నీళ్ళు లోపటికి గుంజుతయ్ గాడ. సీటీలు గందుకే ఊదిన్రు."

"మరి ఐలేశ్..."

"ఈయన మోకాలు లోతుల నిలవడ్డడు. నేను శృతికి జడ ముడేసి తిరిగి జూస్తె, దూరంగ తలకాయ ఒక్కటే కనవడ్తున్నది. ఈత రాదంటలే అన్నా, మస్తుగొస్తది. గని బాయిల ఈత. బాయిల నాలుగు చేతులేస్తె ఏ దిక్కైన గట్టు దొరుకుతది. గాడ గట్టేది? ఒడ్డు దిక్కు ఎంత ఈదితె గంత ఎనుకకు పోతుండు. ఓ అవ్వా, ఓ అవ్వా అని ఒకటే ఒర్రుడు."

హోటల్ల ఎవ్వలు నవ్వలే. ఐలేశ్ గ్లాసుల చాయ్ దిక్కే జూస్తున్నడు.

"ఇజ్జత్ పోతదని శృతి ఈపుకున్న డబ్బ ఈయనే ఇప్పి ఇసుకల పారేసిండు. మా అత్త గా డబ్బకే మోకు కట్టి ఇసిరింది, అందలే. చేపలు పట్టే ఆయన ఒకాయన డబ్బ సంకల వెట్టుకొని నీళ్ళల్లకు ఉరికిండు, ఒడ్డుకు ఈదకయ్యా, పక్కకు ఈదు, పక్కకు ఈదు అని మొత్తుకుంట. ఈయన పక్కకు మళ్ళినంకనే నీళ్ళు ఇడిసిపెట్టినయ్, డబ్బ చేతికందింది. ఒడ్డుకొచ్చినంక గూడ డబ్బ ఇడ్సలే. ఖమ్మం దాక ఒళ్ళె పెట్టుకొనే కూసున్నడు." వసంత మెడలకెల్లి టేపు తీసి చేతికి సుట్టుకున్నది. "నా బిడ్డ చెయ్యి పట్టుకొనే దిగుదామనుకున్నడు అన్నా. మా అత్త పోనియ్యలే గని, లేకుంటె ఇద్దరు..."

రబియా బీ మెల్లగ లేశి మోపెడ్ కాడికి పోయింది. పచ్చటి డబ్బ తీసి చేతుల పట్టుకున్నది. బరువే లేదు. మూత మీద సైకిల్ ట్యూబు గట్టిగ సుట్టి ఉన్నది, పిడికి రెండు మూరల మోకు ముక్క కట్టి ఉన్నది. చెవి కాడ పెట్టి ఊపింది. ఏం చప్పుడు రాలే.

"ఇండ్ల గ్రీసేది బేటా?"

ఐలేశ్ మహమ్మద్ చేతిల పెన్ను గుంజుకొని, ఎర్రజెండ కాడ దిగాలె అన్న దాని మీద కాయితం చిరిగేటట్టు రెండు గీతలు కొట్టిండు. కింద పెద్దపెద్ద అచ్చరాలు రాసిండు: జెండ కాడ దిగొద్దు. మోకాలు దాటొద్దు. పిల్లల చెయ్యి ఇడ్వొద్దు. జాకెట్లు తీస్కోవాలె. తన పేరు కొట్టేసి పెన్ను ఇచ్చేసిండు.

"గది గూడ తీస్కపోర్రి అమ్మా" అన్నడు, డబ్బ దిక్కు జూడకుంట. "గని ఐతారం మాపటికి నాకు తెచ్చియ్యాలె. సోమారం నాకు బాయిల దిగే పని ఉన్నది."